ఈ ముక్క ఏ సినిమాది?

2019 జూన్‌లో ఆఫీసుకి సెలవు పెట్టి పేరు తెలియని సినిమాలు చూడ్డానికి వెళ్లాను. ముందురోజు అమ్మకి ఫోన్ చేసి చెబితే, "పేరే తెలియని సినిమాకి సెలవు పెట్టడమేంట్రా?" అంది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను కాబట్టి రాస్తున్నాను.

మేముండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. అక్కణ్ణించి గంటంబావు కారులో వెళ్తే కల్పెపర్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి బయట మౌంట్ పోనీ అని ఒక గుట్ట. 1969లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆ గుట్టలో ఒక బంకరు కట్టింది. అణుయుద్ధమే వస్తే ఆ తర్వాత దేశంలో మళ్లీ డబ్బు ఆడాలని వందల కోట్ల డాలర్ల నోట్లు అందులో దాచారు. ఆ భయాలు తగ్గాక బంకరు ఖాళీ అయింది. 2007 నుంచి అది అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ప్యాకర్డ్ క్యాంపస్. సినిమాలు, టీవీ కార్యక్రమాలు, పాటల రికార్డులు దాచేది అక్కడే. నోట్ల కట్టలు ఉన్న చోట ఇప్పుడు రీళ్ల డబ్బాలు ఉన్నాయని తెలిసినప్పటి నుంచీ నాకు ఆ గుట్ట మీద మనసు పడింది.

అక్కడ 2012లో 'మోస్ట్‌లీ లాస్ట్' అని ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టారు. ఏ సినిమావో తెలియని మూకీ రీళ్లు అక్కడి గదుల్లో చాలా ఉన్నాయి. మొదటి రీలు పోయి పేరు లేనివి, మధ్యలో ఒక్క రీలు మాత్రమే మిగిలినవి, ఏ దేశానికో వెళ్లి ఆ భాషలో పేరు మారిపోయినవి. పాత సినిమాలు దాచే వేరే ఆర్కైవులు కూడా తమ దగ్గరున్న ఇలాంటి ముక్కలు పంపించేవి. వాటిని తెర మీద వేసేవారు. హాల్లో కూర్చున్నవాళ్లు ఏం గుర్తుపడితే అది గట్టిగా అరిచి చెప్పాలి. సినిమా హాల్లో మాట్లాడకూడదని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు కదా, ఇక్కడ నోరు మూసుకుని కూర్చుంటేనే తప్పు. ఫోన్లు, లాప్‌టాప్‌లు కూడా తెరిచే ఉంచుకోవచ్చు. అసలు తెచ్చుకోమనే చెప్పారు. ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా రావచ్చన్నారు. నేను సినిమా చదువు చదివినవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయినా రానిచ్చారు.

నేను ఎందుకు వెళ్లానో చెప్పాలంటే బందరు వెళ్లాలి.

మా తాతయ్య బందరులో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. 1940ల్లో చేరి, రిటైరయ్యేదాకా ప్రొజెక్టర్ పక్కనే ఉన్నారు. ఫిల్ము తెగినప్పుడల్లా తెగిన చోట రెండు మూడు ఫ్రేములు కత్తిరించి, మిగతాది సిమెంటు పూసి అతికించి మళ్లీ ఆడించేవారు. కత్తిరించిన ముక్కలు చొక్కా జేబులో ఇంటికి వచ్చేవి. వాటికో రేకు పెట్టె ఉండేది. మాడిపోయిన కరెంటు బల్బు మూత జాగ్రత్తగా ఊడదీసి, లోపలి తీగ తీసేసి, నీళ్లు నింపేవాళ్లం. గది తలుపులు మూసేసి, బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని వెలుగుని కిటికీ సందులోకి కొడితే, అది ఫిల్ము ముక్కలోంచి, బల్బులోంచి పోయి గోడకి కట్టిన తాతయ్య పంచె మీద బొమ్మయ్యేది. "ఈ ముక్క ఏ సినిమాది?" అన్నది ఆట. మొహం కనిపిస్తే ఎవరైనా చెబుతారు. కిరీటం అంచు, స్తంభం మీద లత, గాజుల చెయ్యి మాత్రమే ఉంటే చెప్పినవాడు గొప్ప. మా అన్నయ్య సెట్టులోని కర్టెను చూసి చెప్పేసేవాడు.

కల్పెపర్‌లో మొదటి క్లిప్ పడి, చీకట్లో ఎవరో "ఆ కర్టెను నేను ఇంకో సినిమాలో చూశాను!" అని అరిచినప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది.

ఆ హాలు పాతకాలపు థియేటర్‌లా కట్టారు, రెండు వందల చిల్లర సీట్లు. తెర పక్కన పియానో. వాయించేవాళ్లు కూడా ఆ క్లిప్‌ని మాతోపాటే మొదటిసారి చూస్తుంటారు. ఎవరు ఎవర్ని తరుముతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో తెలియకుండానే వేళ్లు నడుస్తుంటాయి. ఏడుపు అనుకున్నది నవ్వుగా మారితే రాగం కూడా మారిపోతుంది. ఆ పియానో వింటూ, తెర చూస్తూ, చుట్టూ అరుపులు వింటూ ఉంటే మొదటి గంట నాకేమీ అర్థం కాలేదు. "అది లాస్ ఏంజెలెస్‌లో ఫలానా వీధి మూల!" "ఆ లావుపాటాయన ఫలానా కంపెనీ సినిమాల్లో మాత్రమే ఉంటాడు!" నటుల పేర్లు వానలా పడుతున్నాయి. నాకు చాప్లిన్, కీటన్ తప్ప ఎవరూ తెలియదు. పొరపాటున వచ్చానేమో అని టెన్షన్ పట్టుకుంది.

నా పక్క సీట్లో ఎనభై దాటిన పెద్దాయన ఉన్నారు. ఆయనకి నటులు ఎవరూ అక్కర్లేదు. కార్లు మాత్రం కావాలి. తెర మీద కారు కనపడగానే ముందుకి వంగేవారు. "ఫోర్డ్ మోడల్ టీ. రేడియేటర్ ఇత్తడిది, మెరుస్తోంది చూడు. 1917 మోడల్ నుంచి నల్లది పెట్టారు. కాబట్టి ఈ బండి అంతకంటే పాతది" అని నా చెవిలో చెప్పి, తర్వాత హాలంతా వినబడేలా అరిచేవారు. నంబర్ ప్లేటు కనపడితే పండగే. ప్లేటు మీద రాష్ట్రం, కొన్నిసార్లు ఏడాది కూడా ఉంటాయి. ఒకసారి నేను, "బండి పాతదైనంత మాత్రాన సినిమా పాతది అవ్వాలని లేదు కదండీ, పాత బండి కూడా కొనుక్కుని ఉంటారు" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "అవును. ఇంతకంటే ముందు తీసింది మాత్రం కాదు. సగం పని అయినట్టే" అన్నారు. ఆ మాటతో నాకు దారి దొరికింది. ఒకేసారి పేరు చెప్పాలని లేదు, చుట్టూ ఉన్న ఖాళీని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

రెండో రోజుకి కళ్లు అలవాటు పడ్డాయి. మూకీల తొలి రోజుల్లో ఒక కంపెనీ సినిమాని ఇంకో కంపెనీ కాపీ కొట్టి అమ్ముకునేది. అందుకని తమ గుర్తుని సెట్టులోనే తగిలించేవారు. బయోగ్రాఫ్ వాళ్లయితే గోడ మీద 'ఏబీ' అక్షరాలు, పాథే వాళ్లయితే కోడిపుంజు. గదిలో జరిగే సీనులో టేబుల్ గుడ్డ గాలికి ఊగుతుంటే అది గది కాదు, పైకప్పు లేని సెట్టు. అప్పట్లో చాలామందికి ఎండే లైటు. కొన్ని ప్రింట్లలో మాటలు రాసి చూపే అక్షరాల కార్డు ఒకటి రెండు ఫ్రేములే ఉండి కన్నుమూసి తెరిచేలోగా పోతుంది. విదేశాలకి పంపే కాపీల్లో స్థానిక భాషలో పెద్ద కార్డు చేసుకోడానికి అలా గుర్తుగా పెట్టేవారట. అలాంటిది వచ్చినప్పుడు ఆపరేటర్ని ఆపమని హాలంతా ఒకే గొంతుతో కేక.

ఫిల్ము అంచు కూడా మాట్లాడుతుంది. కొడాక్ తన ఫిల్ము అంచున ఏడాదికొక గుర్తు వేసేది. 1916కి ఒక గుండ్రటి చుక్క, 1917కి చతురస్రం, 1918కి త్రిభుజం. 1919కి రెండు చుక్కలు, 1920కి రెండు చతురస్రాలు. ఇరవై ఏళ్లకొకసారి అవే గుర్తులు మళ్లీ తిరిగి వస్తాయి. మన అరవై సంవత్సరాల పేర్లు తిరిగొచ్చినట్టే. ప్రభవ అంటే ఏ ప్రభవ అని అడగాలి కదా, ఇక్కడ కూడా రెండు చతురస్రాలంటే 1920లో తయారైన ఫిల్మా, 1940లోదా అని చూసుకోవాలి.

రెండో రోజు మధ్యాహ్నం ఒక హాస్యం ముక్క వేశారు. ఒక కిరాణా కొట్టు, యజమాని, అతని అల్లుడో గుమాస్తానో. నటులు ఎవరికీ తెలియలేదు. కార్లు లేవు, పెద్దాయన వెనక్కి వాలిపోయారు. గోడ మీద క్యాలెండర్ ఉంది. దాని మీద 'మే' అని చదవగలిగాను, కింద గళ్లలో 1 అనే అంకె చివరి గడిలో ఉంది. అమెరికా క్యాలెండర్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది, చివరి గడి శనివారం. ఫోన్ తీసి లెక్క చూసుకున్నాను. ఆ కాలంలో మే 1 శనివారం పడ్డది 1915, 1920, 1926లో. గొంతు తడారిపోయింది. లేచి నిలబడి చెప్పాను. "అంచు గుర్తు ఏమిటి?" అని ఎవరో అడిగారు. ముందు వరుసలోంచి సమాధానం వచ్చింది, రెండు చతురస్రాలు. క్యాలెండర్, అంచు, రెండూ 1920 దగ్గర కలిశాయి. పెద్దాయన నా మోచేతి మీద తట్టి, "క్యాలెండర్ సెట్టు సామాను కూడా కావచ్చు, జాగ్రత్త" అన్నారు, కానీ ఆయన మొహం వెలిగిపోతోంది.

వెనక కూర్చున్న ఒకావిడ వెంటనే లాప్‌టాప్‌లో 1920 నాటి సినిమా పత్రికలు తెరిచి కిరాణా కొట్టు కథల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆ పాత వ్యాపార పత్రికలన్నీ ఇప్పుడు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. సాయంత్రం దాకా వెతికారు. పేరు దొరకలేదు. ఆ రీలుకి పెట్టిన కాగితంలో ఏడాది మాత్రం చేరింది. ప్రతి ఏడూ వేసినవాటిలో సగం దాకా పేర్లు దొరికేవట. మిగతావి మళ్లీ గదుల్లోకి వెళ్లి, ఎవరో ఒకరు గుర్తుపట్టేదాకా ఎదురుచూసేవి.

ఆ గదులు కూడా చూశాం. నైట్రేటు ఫిల్ము, అంటే 1950ల మొదటిదాకా వాడిన, తేలిగ్గా అంటుకునే పాత రకం ఫిల్ము, దాచడానికి అక్కడ 124 గదులున్నాయి. లోపల సుమారు 4 డిగ్రీల చలి, 30 శాతం తేమ. జూన్ నెలలో స్వెటర్ తెచ్చుకోమని ఎందుకు చెప్పారో అప్పుడు తెలిసింది. గోడలు కాంక్రీటు, అరలు చిన్న చిన్న గూళ్లు. ఒక డబ్బా అంటుకున్నా పక్కది అంటుకోకూడదని అలా కట్టారు. ఎందుకంత భయమంటే నైట్రేటు ఫిల్ము మండేటప్పుడు తనకి కావలసిన ఆక్సిజన్ తనే ఇచ్చుకుంటుంది. నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. ఎండ దెబ్బకి పాడైన రీలు దానంతటదే అంటుకున్న సందర్భాలున్నాయి. 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ గిడ్డంగి అలాగే తగలబడి, ఆ కంపెనీ మూకీల్లో చాలాభాగం ఒక్క రాత్రిలో పోయాయి. మనకీ 2003 జనవరిలో పుణెలో నైట్రేటు రీళ్ల గిడ్డంగి తగలబడింది.

పాడైపోయిన రీలు ఒకటి మూత తీసి చూపించారు. మొదట బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత ఫిల్ము జిగురెక్కి చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఆపైన బుడగలు తేలుతూ పాకంలా కారుతుంది, గడ్డకడుతుంది, చివరికి గోధుమరంగు పొడి. నేను చూసింది మూడో దశ. డబ్బా అడుగున ముదురు తాటిబెల్లం పాకంలాంటిది, మధ్యలో ఇంకా చుట్టలుగా ఫిల్ము. ఘాటైన వాసన. ఆ చుట్టల్లో ఎక్కడో ఒకరి మొహం ఉండి ఉంటుంది.

తర్వాత ఒక వీడియో వేశారు. చిన్న నైట్రేటు ముక్కకి నిప్పు పెడితే పసుపుపచ్చ మంట ఒక్కసారిగా భగ్గుమని లేచి, క్షణంలో ఏమీ మిగల్లేదు. దాని బదులు వచ్చిన, అంత తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్ము అయితే మెల్లగా ముడుచుకుని పొగ వచ్చింది. ఆ రెండు మంటలూ నాకు తెలుసు. ఎక్కడ చూశానా అని ఆలోచిస్తూ రాత్రంతా హోటల్ గదిలో నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున గుర్తొచ్చింది.

అమ్మకి ఫోన్ చేశాను. "తాతయ్య రేకు పెట్టె ఏమైందమ్మా?"

"భోగి మంటలో వేసేశాం కదరా. తాతయ్య పోయిన ఏడాది. నువ్వే ఎత్తి పోశావు."

అవును. పాత చాపలు, విరిగిన కుర్చీ, ఆ పెట్టెలో ముక్కలు. కొన్ని ముడుచుకుని నల్లగా పొగ వదిలాయి. కొన్ని మాత్రం భగ్గుమన్నాయి, మేం కేకలేస్తూ వెనక్కి దూకాం. భగ్గుమన్నవి నైట్రేటువి అయి ఉండాలి, అంటే 1950ల మొదట్లో ఆ ఫిల్ము ఆగిపోకముందు తాతయ్య జేబులో ఇంటికొచ్చినవి. మేం ఆడుకున్న ప్రతి ముక్కా ఏదో సినిమాలోంచి పోయిన ముక్కేనని కూడా ఆ తెల్లవారే తట్టింది.

పోవడం అందరికీ ఉంది. అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూకీలు 10,919 అని, వాటిలో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నివేదికలో డేవిడ్ పియర్స్ లెక్క తేల్చారు. మన దేశంలో 1,300కి పైగా మూకీలు తీశారు. పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్ఫై లోపే. టాకీలు వచ్చాక మూకీ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఫిల్ము కడిగితే వెండి వచ్చేది, అందుకు అమ్మేసుకున్నారు.

మాది బందరు కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. రఘుపతి వెంకయ్య గారిది మా ఊరే. మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టుకుని, సినిమా యంత్రం కొని డేరాలో ఊరూరా చూపించి, బర్మా, సిలోన్ దాకా తిరిగొచ్చి, గెయిటీ థియేటర్ కట్టారు. కొడుకు ప్రకాశ్‌ని ఇంగ్లండ్ పంపి సినిమా తీయడం నేర్పించారు. తండ్రీకొడుకులు కలిసి మద్రాసులో అద్దాల స్టూడియో కట్టి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆ తర్వాత ఇంకొన్ని తీశారు. ఒక్క రీలు మిగల్లేదు. దక్షిణాది మూకీల్లో ఈనాటికి మనం చూడగలిగేది తిరువాన్కూరు సంస్థానంలో తీసి 1933లో విడుదలైన 'మార్తాండవర్మ' ఒక్కటే. అది మిగలడానికి కారణం కూడా కోర్టు కేసు. దానికి మూలమైన నవల హక్కులు తమవని ఒక పుస్తకాల కంపెనీ దావా వేసి ప్రింటుని స్వాధీనం చేయించింది. నలభై ఏళ్లు వాళ్ల దగ్గర పడి ఉండి 1974లో బయటపడి పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. ఊరూరా ఆడి ఉంటే అరిగిపోయేది.

మూడో రోజు తెర మీద బొమ్మలు కదులుతుంటే నా బుర్రలో ఒకటే ప్రశ్న. 'భీష్మ ప్రతిజ్ఞ' రీలు ఒకటి పేరు లేకుండా ఇప్పుడు ఇక్కడ పడితే లేచి అరవగలనా? ఏం చూసి గుర్తుపడతాను? గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి వేసిందని చదివాను. నదిలోంచి వచ్చే అమ్మాయి, పైనుంచి పడే అద్దాల స్టూడియో వెలుగు, శంతనుడి కిరీటం. మన పురాణం తెలియని ఆర్కైవ్ ఉద్యోగి దాన్ని 'తూర్పుదేశపు కథ, పేరు తెలియదు' అని రాసి అరలో పెట్టేస్తాడు. తప్పు అతనిది కాదు. ఆ హాల్లో మనవాళ్లు ఒకరుండాలి.

అది ఊహే అయినా ఊరికే వచ్చిన ఊహ కాదు. పోయిన సినిమాలు ఎక్కువగా దొరికేది ప్రయాణం ఆగిన చోట. కెనడాలో డాసన్ సిటీకి సినిమాలు చివరగా వచ్చేవి, వెనక్కి పంపే ఖర్చు దండగని ఎవరూ అడిగేవారు కాదు. పాత ఈతకొలను పూడ్చడానికి వాడిన ఆ రీళ్లు 1978లో గడ్డకట్టిన మట్టిలోంచి 533 బయటికొచ్చాయి. న్యూజిలాండ్‌లో 2010లో 75 అమెరికా సినిమాలు దొరికాయి. జర్మన్ మూకీ 'మెట్రోపొలిస్'లో పోయిన భాగం 2008లో బ్యూనస్ ఐరెస్ మ్యూజియంలో బయటపడింది. మన 'బిల్వమంగళ్' 1919లో కలకత్తాలో తీసింది, 594 మీటర్ల ముక్క పారిస్‌లో ఉండిపోయింది, దాని కాపీ 2016లో ఇంటికొచ్చింది. మూకీకి భాష లేదు, కార్డులు మారిస్తే ఎక్కడైనా ఆడుతుంది. మద్రాసు నుంచి ఓడలెక్కి రంగూన్, కొలంబో, పెనాంగ్ వెళ్లిన మనవాళ్ల వెంట ఏయే పెట్టెలు వెళ్లాయో ఎవరు చూశారు? నేను ఆ ఊళ్ల మీద ఆశ పెట్టుకున్నాను.

ఆ తర్వాత బందరు వెళ్లినప్పుడల్లా మూతపడిన హాళ్లలో పనిచేసిన పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్తున్నాను. వాళ్లకి చెప్పేదే ఇక్కడా చెబుతున్నాను. ఇంట్లో పాత రీలు డబ్బా దొరికితే దీపం, సిగరెట్టు దగ్గర తెరవకండి. ప్రొజెక్టర్ మీద ఎక్కించకండి. అంచున 'సేఫ్టీ' అని ఉందో 'నైట్రేట్' అని ఉందో చూడండి, పక్కనున్న గుర్తులకి ఫోటో తీయండి. వెనిగర్ వాసన వస్తే అది సేఫ్టీ ఫిల్మే, పాడవడం మొదలైందని అర్థం. చల్లగా, గాలి ఆడేచోట పెట్టి పుణె ఆర్కైవ్‌కి కబురు చేయండి. భోగికి ముందు అటక దింపేటప్పుడు ఒక్కసారి చూడండి.

కిందటిసారి ఒక రిటైరైన ఆపరేటరు గారు నా మాటలన్నీ విని, లోపలికెళ్లి, పాత పంచాంగం మధ్యలోంచి ఆరు ఫ్రేముల ముక్క తెచ్చి ఇచ్చారు. "మీ తాతగారు ఇచ్చిందే బాబూ. ఎందుకో దాచుకున్నాను" అన్నారు. అంచున 'సేఫ్టీ' అని ఉంది, పక్కన ఒక చుక్క, ఒక చతురస్రం. బొమ్మలో దీపం పట్టుకున్న చెయ్యి, వెనక చెక్కుడు స్తంభం. మొహం లేదు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర వెలుగుకి పట్టి అన్నయ్యకి వీడియో కాల్‌లో చూపించాను. చాలాసేపు చూశాడు.

"స్తంభం కొంచెం దగ్గరగా పెట్టరా," అన్నాడు.